ఎవరూ చావని ఆట

నేనొక యుద్ధం ఆట తయారుచేశాను. అందులో కత్తులున్నాయి, గొడ్డళ్ళున్నాయి, నిప్పులు కక్కే జంతువులున్నాయి. చావు మాత్రం లేదు. పొద్దంతా కొట్టుకున్నా ఒక్కడూ చావడు. కావాలని అట్లా చేయలేదు. రాత్రుళ్ళు నిద్ర మానుకుని, మహా తెలివైన పని చేస్తున్నాననుకుంటూ చేస్తే అట్లా తయారైంది.

2006 ప్రాంతం మాట. మాది పటాన్‌చెరు. నాన్న ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ఆపరేటర్. వారం మారితే షిఫ్టు మారేది, షిఫ్టు మారితే ఇంట్లో అందరి నిద్రవేళా మారేది. నేను ఇంజినీరింగ్ చదువుతున్నానని అమ్మానాన్నలు నమ్మేవాళ్ళు. ముంబై హైవే పక్కన ఒక మేడ మీద నెట్ సెంటర్ ఉండేది. నా చదువంతా అక్కడే. కింద లారీ పోతే పైన మానిటర్లు వణికేవి. కరెంటు పోయిందంటే యూపీఎస్‌లన్నీ ఒక్కసారే కీచుమనేవి, ఆట సేవ్ చేసుకోవడానికి మా తంటాలు మొదలయ్యేవి. కుర్రాళ్ళలో సగం మందిది కౌంటర్ స్ట్రైక్ బ్యాచ్, సగం మందిది డోటా బ్యాచ్.

నాది డోటా బ్యాచ్. ఆడటం మాత్రం రాదు. అందరికంటే ముందు చచ్చేవాణ్ణి, అందరికంటే ఎక్కువసార్లు చచ్చేవాణ్ణి. డోటాలో చస్తే రెండు నష్టాలు: మన బంగారం కొంత పోతుంది, పైగా మనల్ని చంపినవాడికి బంగారం వస్తుంది. అంటే నన్ను టీములో వేసుకోవడం అవతలివాళ్ళకు చందా రాసివ్వడమే. "నువ్వు ముందుకు పోకు మామా, ఊకె చెట్ల సాటుకు నిలబడు" అనేవాళ్ళు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డోటా ఎరగనివాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ 2002లో వార్‌క్రాఫ్ట్ 3 అనే ఆట తెచ్చింది. 2003లో దానికి ఫ్రోజెన్ థ్రోన్ అనే కొనసాగింపు వచ్చింది. ఆటతో పాటు వరల్డ్ ఎడిటర్ అనే పనిముట్టు కూడా ఉచితంగా ఇచ్చారు. దానితో ఎవరి మ్యాపు వాళ్ళు చేసుకోవచ్చు. నేల, నీళ్ళు, చెట్లు, సైనికులు, వస్తువులు, వాటి నియమాలు అన్నీ మన చేతిలోనే. డోటా అట్లా పుట్టిన మ్యాపే, కంపెనీ చేసింది కాదు. యూల్ అనే మారుపేరుతో ఒకతను మొదలుపెట్టాడు, గిన్సూ అని ఇంకొకతను పెంచాడు, ఐస్‌ఫ్రాగ్ అనే మూడో అతను ఏళ్ళ తరబడి సాకాడు. ఆ ముగ్గురూ మా లాంటి ఆటగాళ్ళేనని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆడటం రానివాడు ఆట తయారుచేయకూడదని ఎక్కడా రాసిలేదు కదా.

మ్యాపుకు మా ఊరే పెట్టాను. నడిమధ్య దారి ముంబై హైవే. ఒక కోట ఇస్నాపూర్ చౌరస్తా, రెండోది ముత్తంగి వైపు. కింది దారి నక్కవాగు వెంట. నిజం నక్కవాగు మా ఫ్యాక్టరీల నీళ్ళన్నీ మోసుకుపోయి మంజీరలో కలుస్తుంది కాబట్టి ఎడిటర్‌లో నీళ్ళ రంగు ఆకుపచ్చ పెట్టి, పైన కొంచెం పొగ వదిలాను. కుర్రాళ్ళు పడి పడి నవ్వారు. నిజం చెప్పాలంటే మ్యాపు మొత్తం మీద ఎవరూ వంక పెట్టనిది ఆ వాగొక్కటే.

ఇక నా అసలు గొప్ప ఆలోచన కవచాలు. వార్‌క్రాఫ్ట్‌లో హీరోకి, అంటే మనం నడిపించే యోధుడికి, సామాను పెట్టుకోవడానికి ఆరు గళ్ళుంటాయి. ఆరింట్లో ఏదైనా పెట్టుకోవచ్చు, ఉంగరం, మందు సీసా, కత్తి, ఏదైనా సరే. ఇది నాకు నచ్చలేదు. తలకు హెల్మెట్, ఒంటికి కవచం, చేతులకు గ్లవ్స్, కాళ్ళకు బూట్లు, ఎడమచేతికి డాలు, నడుముకు పట్టా, ఇట్లా ఏ గడికి ఆ వస్తువే ఉండాలి. ఇనుముది, ఉక్కుది, బంగారంది అని మూడు అంతస్తులు. ఒకే లోహంలో ఆరూ దొరికితే సెట్టు పూర్తయినట్టు, దానికి అదనపు బోనస్. నోట్‌బుక్కులో గళ్ళు గీసి, స్కెచ్ పెన్నులతో రంగులు వేసి మరీ రాసుకున్నాను. ఆ నోట్‌బుక్కు మీద పేరు ఇంజినీరింగ్ డ్రాయింగ్.

ఆటలో అట్లాంటి గళ్ళ ఏర్పాటు లేదు కాబట్టి ట్రిగ్గర్లతో, అంటే ఏది జరిగితే ఏం చేయాలో చెప్పే ఆదేశాలతో, మనమే రాసుకోవాలి. హీరో ఏదైనా వస్తువు తీసుకోగానే ఆరు గళ్ళూ వెతుకు, అదే జాతి వస్తువు ముందే ఉంటే కొత్తదాన్ని కింద పడెయ్యి. ఇంతే. రాసి, హీరో చేత హెల్మెట్ తీయించాను. తీసి, టక్కున కింద పడేశాడు. మళ్ళీ తీయించాను, మళ్ళీ పడేశాడు. ఎంతసేపు చేసినా అదే వరస, వాడికి హెల్మెట్ అంటే గిట్టనట్టు. చివరికి తెలిసిందేమిటంటే, ట్రిగ్గర్ నడిచే వేళకు ఆ హెల్మెట్ అప్పటికే గడిలోకి వచ్చి కూర్చుంటుంది. నా ట్రిగ్గర్ గళ్ళు వెతికి, ఆ హెల్మెట్‌నే చూసి, "ముందే ఒకటుంది కదా" అని దాన్నే తీసి పారేస్తోంది. దానికి విరుగుడుగా, దొరికింది ఇప్పుడు తీసుకున్న రకమే అయితే వదిలెయ్యి అని ఒక షరతు రాశాను. దాంతో హెల్మెట్ తల మీద నిలిచింది. నిలిచింది కాబట్టి అంతా సరిగ్గా ఉందనుకున్నాను.

ఇక్కడిదాకా చేసినవి పిల్లచేష్టలు. అసలు ఘనకార్యం లెక్కల్లో ఉంది.

వార్‌క్రాఫ్ట్‌లో కవచాన్ని పాయింట్లలో లెక్కిస్తారు. 10 పాయింట్లుంటే దెబ్బలో 37.5 శాతం తగ్గుతుంది. 20 ఉంటే 54.5 శాతం. 50 ఉంటే 75 శాతం. చూశారా, పోనుపోను తగ్గింపు చిక్కిపోతోంది. నాకది మోసంలా కనిపించింది. మొదటి 10 పాయింట్లకు అంత ఇచ్చి, తర్వాతి పదికి ఇంతేనా? డబ్బు పెట్టి కొన్నవాడికి న్యాయం జరగాలి కదా అని ఆ పద్ధతి తీసేశాను. నాది సూటి లెక్క. బంగారు సెట్టులో ఒక్కో ముక్కకు 15 శాతం తగ్గింపు. ఆరు ముక్కలకు 90. సెట్టు పూర్తయితే బోనస్ 10. మొత్తం 100.

నూరు అనే అంకె ఎంత నిండుగా ఉందోనని మురిసిపోయాను. దెబ్బలో నూటికి నూరు శాతం తగ్గితే దెబ్బ అనేదే ఉండదన్న మాట నా బుర్రకు తట్టలేదు. మీకు చదవగానే తట్టింది. తట్టకేం, పక్కవాడి లెక్క కదా.

వార్‌క్రాఫ్ట్ లెక్క మోసం కాదని ఎంతో కాలానికి గానీ అర్థం కాలేదు. శాతాలు చూడటం మాని, హీరో ఎన్ని దెబ్బలు తట్టుకుంటాడో చూడాలి. 10 పాయింట్లతో వాడి ప్రాణం 1.6 రెట్లు అయినట్టు, 20తో 2.2 రెట్లు, 50తో 4 రెట్లు. ఒక్కో పాయింటుకు ప్రాణంలో 6 శాతం చొప్పున, మొదటి పాయింటుదీ యాభయ్యో పాయింటుదీ ఒకటే విలువ. అంత సమంగా కట్టిన లెక్క అది. నా లెక్క చూడండి. మొదటి ముక్కతో హీరో ప్రాణం 1.18 రెట్లు, అంటే ఉన్నా లేకున్నా పెద్ద తేడా లేదు. అయిదు ముక్కలతో 4 రెట్లు. ఆరో ముక్కతో, బోనస్ కలపకముందే, ఏకంగా 10 రెట్లు. ఆరింటికీ నేను పెట్టిన ధర ఒకటే. ఒక్కో ముక్క మిగిలినదాంట్లోంచి 15 శాతం తగ్గించేలా గుణించి ఉంటే ఆరూ కలిపినా తగ్గింపు 62 శాతం దగ్గర ఆగేది. కూడికకూ గుణకారానికీ తేడా తెలియక కాదు. అంతకు ముందు సెమిస్టర్‌లోనే ప్రాబబిలిటీ పేపరు రాశాను. పాసయ్యాను కూడా.

మొదటిసారి అందరినీ కూర్చోబెట్టి ఆడించిన రాత్రి నెట్ సెంటర్ అన్న సగం షట్టర్ దించి, "పన్నెండు దాకే" అన్నాడు. మొదట బాగానే నడిచింది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు బంగారు సెట్టు పూర్తిచేసుకునేసరికి ఇస్నాపూర్ చౌరస్తాలో ఎదురుపడ్డారు. కొట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక్కొక్కడి తల మీద ప్రాణం చూపే ఆకుపచ్చ గీత చివర వెంట్రుకవాసి తగ్గి, అక్కడే నిలిచిపోయింది. నా ట్రిగ్గర్ దెబ్బ పడబోయే ముందు అంతే ప్రాణం తిరిగి పోస్తోంది. తర్వాత దెబ్బ పడుతోంది. మళ్ళీ పోస్తోంది, మళ్ళీ పడుతోంది. నాలుగు గీతలూ నిండుకు ఒక్క దెబ్బ తక్కువలో, గోడకు కొట్టిన మేకుల్లా కదలకుండా ఉన్నాయి. కత్తుల చప్పుడు మాత్రం ఆగలేదు.

కాసేపటికి ఒకడు మౌస్ వదిలేశాడు. హీరో వాడంతట వాడే కొడుతున్నాడు. ఇంకొకడు లేచి కిందికి పోయి మిర్చీలు తిని, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చి, "ఏమైంది?" అన్నాడు. ఏమీ కాలేదు. "మామా, గిది ఆటనా, డ్యూటీనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ లోపల వాళ్ళ మీదే కోపం. ఇంత కష్టపడి చేస్తే ఆడటం చేతకాక వెక్కిరిస్తున్నారని.

ఇక్కడైనా బుద్ధి రావాలి. రాలేదు. కవచం ఎక్కువైంది కాబట్టి కత్తికి పదును పెంచాలనుకున్నాను. కవచాన్ని లెక్కచేయని బాణం ఒకటి పెట్టి కవచభేది అని పేరు పెట్టాను. అందరూ అదే కొన్నారు, కవచాలు ఎవరూ కొనలేదు. కవచభేదిని ఆపే డాలు పెట్టాను. ఆ డాలును పగలగొట్టే గద పెట్టాను. వెర్షన్ మీద వెర్షన్ పోతోంది, వస్తువుల పేర్లు పొడుగవుతున్నాయి, ఆట మాత్రం అంగుళం కదలదు.

అంతకంటే పెద్ద తెలివితక్కువ పని సంచీ. ఆరు గళ్ళూ కవచాలతో నిండితే మందు సీసా పెట్టుకునే చోటు లేదని ఆడేవాళ్ళు గొణిగారు. వాళ్ళు అడిగిందే తడవుగా, ట్రిగ్గర్లతో అదనంగా ఒక సంచీ కుట్టిచ్చాను. ఆరు గళ్ళే ఎందుకిచ్చారో ఆలోచించలేదు. మందు కావాలంటే డాలు వదులుకో, డాలు కావాలంటే మందు వదులుకో అని అడగడానికే ఆ ఆరు. ఆట మొత్తంలో నేను కష్టపడకుండా నాకు దొరికిన ఒకే ఒక్క ఇరకాటాన్ని నా చేతులతో నేనే తీసేశాను, అదీ ఆడేవాళ్ళ మీద ప్రేమతో.

ఆ ఏడు దసరా సెలవులకు చిన్నాయన ఇంటికి పోయాం. ఆయన ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఎస్టేట్‌లోనే క్వార్టర్. ఆ ఫ్యాక్టరీ 1984లో మొదలైంది, అప్పట్లో మెదక్ ఎంపీ ఇందిరాగాంధీ. సైన్యానికి సారథ్ అనే బండ్లు చేస్తారక్కడ. రష్యావాళ్ళ బీఎంపీ-2 మన దగ్గర తయారైతే దాని పేరు సారథ్. ట్యాంకులాగే గొలుసు చక్రాల మీద నడుస్తుంది, పైన 30 మిల్లీమీటర్ల ఫిరంగి, లోపల నడిపేవాళ్ళు ముగ్గురు, వెనకాల ఏడుగురు సైనికులు. చిన్నాయన ఫ్యాక్టరీ లోపలి ముచ్చట ఒక్కటీ చెప్పేవాడు కాదు. ఏదైనా అన్నాడంటే అది జనవరి 26 పరేడ్‌లో టీవీవాళ్ళు చెప్పిందే అయి ఉండేది.

వరండాలో కూర్చుని సీతాఫలాలు తింటున్నాం. కవచాల బండ్లు చేసే మనిషి దగ్గర నా కవచాల గొప్ప చెప్పుకోకపోతే ఎట్లా? నోట్‌బుక్కు తెచ్చుకున్నాను కూడా. ఇనుము, ఉక్కు, బంగారం, సెట్టు బోనస్, అన్నీ వివరించాను. ఆయన గింజలు అరచేతిలోకి ఊస్తూ విన్నాడు.

"గింత ఇనుము మీదేసుకుంటే మనిషి ఉరుకుతడారా?"

"ఇది ఆట చిన్నాయనా, ఉరుకుతడు."

"మా బండి నీళ్ళల్ల ఈదుతది, ఎరికేనా?"

పరేడ్‌లో విన్నాను, ఎరికే అన్నాను.

"మరి దానికి ఇంకో దొడ్డు ప్లేటు ఎందుకెయ్యరు? ఉక్కు లేకనా?"

నేను ఆలోచించాను. ఖర్చు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. చేయడం కష్టమా అన్నాను. మళ్ళీ ఊపాడు.

"మునుగుతది" అని ఇంకో పండు చేతికి తీసుకున్నాడు.

అంతే చెప్పాడు. తర్వాత మాట దసరాకు మేక ధర మీదికి పోయింది. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. దాదాపు 14 టన్నుల ఇనుప పెట్టె నీళ్ళ మీద తేలుతోందంటే, దాని ఒంటి మీద ప్రతి ప్లేటు దళసరినీ ఎవరో కూర్చుని బేరమాడి ఉండాలి. ఇంత ఆపుతుంది, దానికి ఇంత మునుగుతుంది. ఇక చాలు అని ఎవరో ఒకచోట చెయ్యి అడ్డం పెట్టారు. తర్వాత పుస్తకాల్లో చదివాను: 1980లలో అఫ్గానిస్తాన్‌లో దెబ్బలు తిన్న రష్యావాళ్ళు ఇదే బండికి పక్కలకు అదనపు ప్లేట్లు వేశారు. దాని పేరు బీఎంపీ-2డి. ప్లేట్లు పనిచేశాయి, బండి ఈత మరిచిపోయింది. మన అర్జున్ ట్యాంకుదీ అదే కథ. మొదటి రకం 58 టన్నుల చిల్లర ఉంటే, రక్షణా సామానూ పెంచుకుంటూ పోయాక మార్క్ 1ఏ 68 టన్నులకు చేరింది. అంత బరువు ఏ వంతెన మోస్తుంది, ఏ రైలు పెట్టె మోస్తుంది అన్నది మళ్ళీ వేరే తలనొప్పి.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్కు తెరిచాను. ప్రతి వస్తువు ఎదురుగా మూడు గళ్ళు గీసుకున్నాను: పేరు, ఎంత ఆపుతుంది, ధర ఎంత. నాలుగో గడి లేదు. ఈ వస్తువు వేసుకున్నవాడు ఏం పోగొట్టుకుంటాడు అన్న గడి. అన్ని పేజీలు, అన్ని రంగులు, ఒక్కచోట కూడా ఆ ప్రశ్న రాలేదు. ధర ఉంది కదా అంటారేమో. నేనూ అట్లాగే సర్దిచెప్పుకున్నాను. బంగారం ఆటలో కాలం గడిచేకొద్దీ అందరికీ వస్తుంది. ఇవాళ కొనలేనివాడు ఇంకో పది నిమిషాలకు కొంటాడు. అది ఆలస్యమే తప్ప నష్టం కాదు.

ఎందుకు రాలేదా ప్రశ్న? బస్సు ఆగుతూ సాగుతూ పోతోంది, నాకు జవాబు తెలుస్తూనే ఉంది, ఒప్పుకోవడానికే మనసొప్పడం లేదు. ఆ కవచాలు ఆడేవాళ్ళ కోసం చేసినవి కావు. చెట్ల చాటున నిలబడమనిపించుకున్నవాడి కోసం చేసినవి. ఎవరూ నన్ను చంపలేని ఆట ఒకటి కావాలి నాకు. ఆడి గెలవడం రాక, నియమాలు రాసే కుర్చీలో కూర్చుని, ఓడిపోవడాన్నే రద్దు చేసేశాను. నవ్వకండి. మీ చేతికి ఎడిటర్ ఇచ్చి చూస్తే మీరూ మొదట మీకెక్కడ దెబ్బ తగిలిందో అక్కడే ప్లేటు వేస్తారు. అది కూడా బంగారు ప్లేటే.

మహాభారతంలో ఈ సంగతి ముందే తేలిపోయిందని ఆ తర్వాత తోచింది. కర్ణుడి ఒంటి మీద సహజ కవచం ఉన్నంతకాలం కథకు దారి లేదు. అందుకే ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడగాల్సి వచ్చింది. ఊరికే ఊడదీసుకుపోలేదు, బదులుగా శక్తి అనే ఆయుధం ఇచ్చాడు. అదీ ఒక్కసారికే. ఎవరి మీద వాడాలో తేల్చుకోమన్నాడు, అది ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. మా డోటాలోనూ ఆ కిటుకు ఉండేది. బ్లాక్ కింగ్ బార్ అని ఒక వస్తువు చాలా మంత్రాలను ఆపేది. మొదటిసారి 10 సెకన్లు ఆపేది, వాడినకొద్దీ ఒక్కో సెకను తగ్గుతూ 5కు వచ్చేది. దాన్ని ఎప్పుడు నొక్కాలన్నదే సగం ఆట. ఎన్నోసార్లు చూశాను, ఎన్నోసార్లు దాని చేతిలో చచ్చాను. ఐస్‌ఫ్రాగ్ ఎందుకట్లా చేశాడని మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఇంటికి వచ్చి శాతాలన్నీ తీసేసి మళ్ళీ పాయింట్లు పెట్టాను. సంచీ చింపేశాను. నాలుగో గడి గీసి నింపడం మొదలుపెట్టాను. ఛాతీ కవచానికి నడక వేగం తగ్గింపు. గ్లవ్స్‌కు కొట్టే వేగం తగ్గింపు. డాలు పట్టినవాడికి విల్లు పనిచేయదు. హెల్మెట్ దగ్గర ఆగిపోయాను, హెల్మెట్ పెట్టుకుంటే మనిషి ఏం పోగొట్టుకుంటాడు?

నాన్న నైట్ డ్యూటీ దిగి వచ్చి బనీనుతో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. అడిగాను, ఆట కోసమని చెప్పలేదు. ఆయన గాగుల్స్ గురించి చెప్పాడు. రియాక్టర్ దగ్గర నిలబడితే లోపల చెమట, బయట వేడి, అద్దాలకు ఆవిరి పట్టేస్తుంది. సైట్ గ్లాస్‌లోంచి బ్యాచ్ రంగు చూడాలి. ఏమీ కనపడదు. గాగుల్స్ నుదుటి మీదికి లేపి, చూసి, మళ్ళీ దించుకుంటారు. "కండ్లల్ల పడేది గా లేపినప్పుడే" అన్నాడు మామూలుగా, ఎవరికో జరిగినట్టు. ఆయన కుడి కనుబొమ్మ పక్కన చిన్న మచ్చ ఉంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, ఎట్లా వచ్చిందని ఎన్నడూ అడగలేదు. ఆ రోజూ అడగలేదు.

హెల్మెట్‌కు చూపు తగ్గింపు పెట్టాను. వార్‌క్రాఫ్ట్‌లో హీరో చూపు పగలు 1800, రాత్రి 800. హెల్మెట్ పెట్టుకుంటే రాత్రి చూపు ఇంకా తగ్గుతుంది. బరువు కవచం వేసుకున్నవాడు నక్కవాగులో దిగలేడు, వంతెన మీదుగా రావాల్సిందే. చిన్నాయన పుణ్యమా అని పెట్టిన ఈ చివరి నియమం కోసం నేను రాసిన ట్రిగ్గర్ నాలుగు వరసలకు మించి లేదు. కవచాల మీద అంతకు ముందు రాసినవన్నీ కలిపితే స్క్రీన్‌లు స్క్రీన్‌లు పట్టేవి.

మళ్ళీ ఆడించాను. నేను ఆడలేదు, వెనక నిలబడి చూశాను. ఇది కూడా మొదటిసారే. మిర్చీలు తినడానికి పోయినవాడే ఈసారి వాగు ఒడ్డున ఆగాడు. అవతల కోట వెనక కాపలా లేదని వాడికి అర్థమైంది. వంతెన మీద శత్రువులున్నారు. వాగులో దిగుదామంటే ఒంటి మీద ఉక్కు. కాసేపు మౌస్ గిరగిర తిప్పి, "ఆగుండ్రి" అని ఒక్కసారే కవచం తీసి ఒడ్డున పడేశాడు. బనీను మీద ఉన్నవాడిలా ఆ హీరో ఆకుపచ్చ నీళ్ళలో దిగి ఉరికాడు. ఎవడో దారిన పోతూ ఒడ్డున మెరుస్తున్న కవచాన్ని చూసి ఆశకొద్దీ ఎత్తుకున్నాడు. ఎత్తుకుని వాడి వెంటపడబోతే, వాగులో కాలు పెట్టనివ్వదు. ఇటు వాడు బరువుతో ఒడ్డున గింజుకుంటుంటే, అటు వీడు మూడు దెబ్బలకు చచ్చేంత పలచగా కోటను కొడుతున్నాడు. నెట్ సెంటరంతా లేచి నిలబడింది. పక్కన కౌంటర్ స్ట్రైక్ బ్యాచ్ కూడా హెడ్‌ఫోన్లు తీసి చూసింది. కోట సగం కూలాక వాడు దొరికిపోయి చచ్చాడు. చచ్చినవాడు కుర్చీలో వెనక్కి వాలి, "మళ్ళ పెట్టు" అన్నాడు.

చెట్ల చాటున నిలబడి నేను ఏడాది చచ్చాను గానీ, ఒక్కసారి కూడా అట్లా అనలేదు.

దాంతో నా మ్యాపు డోటాను మించిపోయిందని చెప్తే అబద్ధం. కొన్నాళ్ళు ఆడారు, పరీక్షలు వచ్చాయి, మళ్ళీ అందరూ డోటాకే పోయారు. న్యాయమే. దాని వెనక ఏళ్ళ పని ఉంది, నా దాని వెనక ఒక సీతాఫలం ముచ్చట ఉంది. తర్వాత నేను కూడా నాన్నలాగే ఫ్యాక్టరీలోనే పడ్డాను, పాశమైలారంలో. కొత్తవాళ్ళకు గ్లవ్స్, గాగుల్స్, గమ్‌బూట్లు ఇచ్చి సంతకం తీసుకునే పని కూడా నా నెత్తినే ఉంది. ఇచ్చేటప్పుడు, దీంతో నీకు ఎక్కడ అడ్డం వస్తోందని అడుగుతాను. చాలామంది ఏమీ లేదంటారు. ఒకరిద్దరు చెప్తారు. వాళ్ళ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడతాను.

వరల్డ్ ఎడిటర్ ఇప్పటికీ ఉంది. 2020లో వచ్చిన రీఫోర్జ్డ్‌తో పాటు కూడా ఇచ్చారు. మీ ఇంట్లో ఏ పిల్లవాడైనా దాని ముందు కూర్చుని కవచాలు చేస్తుంటే ఆపకండి. పేరు, ఎంత ఆపుతుంది, ధర ఎంత అని రాసుకున్న గళ్ళ పక్కన నాలుగో గడి ఒకటి గీయించండి. అది ఖాళీగా ఉన్న వస్తువులన్నీ కొట్టేయమనండి, సగం పని తప్పుతుంది. ఇంకొక్కటి: ఇప్పుడే తీసుకున్న హెల్మెట్‌ను గుర్తుపట్టడానికి దాని రకాన్ని కాదు, ఆ హెల్మెట్‌నే పోల్చమనండి. నేను రకాన్ని పోల్చాను. అందువల్ల నా మ్యాపు చివరి వెర్షన్‌లో కూడా ఒకే రకం హెల్మెట్లు రెండు కొంటే రెండూ పెట్టుకోవచ్చు.